అనంతపురంలో మంచి కాఫీ కొట్టును పట్టుకోవడం ఎలా?

అనంతపురానికి కొత్తగా బదిలీ అయి వచ్చినవాళ్లు, జేఎన్‌టీయూలో పిల్లలను చేర్పించడానికి వచ్చినవాళ్లు, కోర్టు వాయిదాకు వచ్చి మధ్యాహ్నం దాకా ఏమీ తోచక తిరిగేవాళ్లు అందరూ అడిగేది ఒకటే: ఈ ఊళ్లో మంచి కాఫీ ఎక్కడ దొరుకుతుంది? నాలుగు పేర్లు చెప్పి పంపించేయవచ్చు. కానీ పేర్లు చెప్పడం నాకు ఇష్టం లేదు. ఈ ఏడాది బాగున్న కొట్టులో వచ్చే ఏడాది కాఫీ కలిపే మనిషి మారతాడు, లేదా పొడి తెచ్చే చోటు మారుతుంది. బోర్డు మాత్రం అదే ఉంటుంది. అందుకే పేర్లకు బదులు వెతికే పద్ధతి చెబుతాను. ఒక వారం ఓపిక పడితే మీ జాబితా మీకే తయారవుతుంది.

పెద్ద కంపెనీల గొలుసు దుకాణాల గురించి ఇక్కడ చెప్పడం లేదు. వాటిని వెతకనక్కరలేదు, అవే మనల్ని వెతుక్కుంటూ వస్తాయి. యజమాని గల్లాలో కూర్చుని, పొడి తానే ఎంచుకుని నడిపే కొట్లే మన లెక్క.

ఇంత శ్రమ పడేందుకు ఈ ఊరు తగినదే. అనంతపురం 1882లో బళ్లారి జిల్లా నుంచి విడివడి జిల్లా అయింది. 1953 దాకా మద్రాసు పాలనలో ఉంది. ఇటు బెంగళూరు దాదాపు రెండు వందల కిలోమీటర్లు, అటు బళ్లారి అందులో సగం. కాబట్టి అరవ దేశపు ఫిల్టర్ కాఫీ, కన్నడ దేశపు ఉడిపి హోటల్ కాఫీ రెండూ ఇక్కడి నాలుకకు అలవాటైనవే. దేశంలో పండే కాఫీలో దాదాపు 70 శాతం కర్ణాటకదే. చిక్కమగళూరు, కొడగు గింజలు ఇక్కడికి చేరడానికి ఎక్కువ దూరం ప్రయాణించనక్కరలేదు. ఉత్తరాన కర్నూలు దాటేకొద్దీ చాయ్ బలం పెరుగుతుంది. ఇక్కడ మాత్రం కాఫీ ఇంకా నిలబడే ఉంది.

1. ముందు మీకు కావలసింది ఏమిటో తేల్చుకోండి

ఊళ్లో కాఫీ దొరికే చోట్లు మూడు రకాలు. మొదటివి టిఫిన్ హోటళ్లు: ఇడ్లీ, దోశ, ఉగ్గాని బజ్జీ తిన్నాక డబరా గ్లాసులో కాఫీ వస్తుంది. రెండోవి నిలబడి తాగే చిన్న కొట్లు, బండ్లు. మూడోవి ఈ మధ్య వచ్చిన కెఫేలు: ఏసీ, సోఫాలు, గోడ మీద బొమ్మలు, ఎస్ప్రెస్సో యంత్రం. ఒక దానికి పెట్టే పరీక్ష మరో దానికి పనికిరాదు. టిఫిన్ హోటల్లో కూర్చుని గంటసేపు కంప్యూటర్ మీద పని చేసుకుంటానంటే కుదరదు, పక్కన ఇద్దరు మీ కుర్చీ కోసం నిలబడి ఉంటారు. కెఫేలో ఇరవై రూపాయలకు చిక్కటి ఫిల్టర్ కాఫీ అడిగినా అంతే. ఏ రకం కావాలో అనుకున్నాక బయలుదేరండి.

2. కాఫీ కొట్టు కంటే ముందు పొడి కొట్టుకు వెళ్లండి

ఇదొక్కటి చేస్తే సగం పని అయిపోయినట్టే. అయినా దాదాపు ఎవరూ చేయరు.

గింజలు వేయించి, ఎదురుగానే మర పట్టి ఇచ్చే పొడి దుకాణం కోసం వెతకండి. పాతూరు బజారు వీధుల్లో, టవర్ క్లాక్ చుట్టుపక్కల మధ్యాహ్నం లోపు నడుస్తూ ముక్కుకు పని చెప్పండి. గింజలు వేగుతున్న రోజు ఆ వాసన వీధి మలుపు దాకా వస్తుంది. లోపలికి వెళ్లి వంద గ్రాములు అడగండి. తక్కువ అడిగామని సిగ్గుపడనక్కరలేదు, వంద గ్రాములు కొనేవాళ్లు రోజూ వస్తూనే ఉంటారు.

పొడి కొట్టేటప్పుడు మాటల్లో పెట్టండి. ‘అన్నా, ఇది ప్లాంటేషనా, చెర్రీనా? పీబీ ఉందా?’ అని అడిగితే మీరు ఏమీ తెలియకుండా రాలేదని ఆయనకు అర్థమవుతుంది. కాఫీ వ్యాపారుల లెక్కలో ప్లాంటేషన్ అంటే నీళ్లలో కడిగి శుభ్రం చేసిన అరబికా అనే జాతి గింజ. చెర్రీ అంటే పండును అలాగే ఎండబెట్టి తీసిన గింజ. పీబీ అంటే పీబెర్రీ: మామూలుగా కాఫీ పండులో రెండు గింజలు ఒకదానికొకటి ఆనుకుని చదునుగా ఉంటాయి, కొన్ని పండ్లలో ఒక్కటే గింజ గుండ్రంగా పెరుగుతుంది. దాన్ని విడిగా ఏరి కొంచెం ఎక్కువ ధరకు అమ్ముతారు. అరబికాలో పరిమళం, రొబస్టా అనే మరో జాతిలో చేదు, చిక్కదనం ఎక్కువ. రొబస్టాలో కెఫీన్ కూడా అరబికాకు దాదాపు రెట్టింపు ఉంటుంది. పాలు ఎక్కువ పోసే మన కాఫీకి రెండూ కలిపిన పొడి బాగా నప్పుతుంది. రొబస్టా కలిపారని వినగానే ముఖం చిట్లించేవాళ్లను చూశాను గానీ అదంతా ఉత్త డాబు.

తర్వాత చికోరి. ఇది ఒక మొక్క వేరు. దాన్ని వేయించి పొడి చేసి కలుపుతారు. కెఫీన్ ఉండదు. రంగు, చిక్కదనం ఇస్తుంది, డికాషన్ మెల్లగా దిగేలా చేస్తుంది. కలపడం తప్పేమీ కాదు, దక్షిణాదిలో తరతరాలుగా ఉన్న అలవాటే. నిబంధనల ప్రకారం కాఫీ-చికోరి మిశ్రమంలో కాఫీ 51 శాతానికి తగ్గకూడదు, ప్యాకెట్ మీద రెండింటి పాళ్లూ రాసి ఉండాలి. ‘ఎనభై-ఇరవయ్యా, డెబ్భై-ముప్ఫయ్యా?’ అని అడగండి. నా నాలుకకు ఎనభై-ఇరవై సరిపోతుంది. అరవై-నలభై దగ్గర కాఫీ పరిమళం పోయి చిరుతీపి కలిసిన వగరే మిగులుతుంది. కొందరికి అదే ఇష్టం.

దుకాణదారుడి మాట నిజమో కాదో ఇంటి దగ్గర తేల్చుకోవచ్చు. గాజు గ్లాసులో చల్లటి నీళ్లు పోసి, పైన చిటికెడు పొడి చల్లండి. కాఫీ పొడి నీటి మీద తేలుతుంది. చికోరి కొద్ది క్షణాల్లోనే గోధుమ రంగు చారలు వదులుతూ కిందికి దిగిపోతుంది. శాతం చెప్పలేకపోయినా, ఎనభై-ఇరవై అని కొన్న పొడిలో సగానికి సగం మునిగిపోతే సంగతి తెలిసిపోతుంది.

డబ్బు ఇచ్చి కదలబోయే ముందు అసలు ప్రశ్న అడగండి: ‘ఊళ్లో ఏ హోటళ్లవాళ్లు మీ దగ్గర పొడి తీసుకెళ్తారన్నా?’ ఇది వ్యాపార రహస్యమేమీ కాదు. ఇంకా చెప్పాలంటే ఆయనకు గర్వంగా చెప్పుకునే విషయం. రెండు మూడు పేర్లు వస్తాయి. ‘వాళ్లు ఏ రకం తీసుకుంటారు?’ అని కూడా అడిగి చూడండి. మంచి రకం తీసుకునేవాళ్ల పేరు ఆయన నోట్లో ముందు వస్తుంది. మరో పొడి దుకాణంలోనూ ఇదే ప్రశ్న వేయండి. ఇలా చేతికొచ్చిన నాలుగైదు పేర్లతో మీ వెతుకులాట మొదలవుతుంది. ఫోనులో జనం ఇచ్చిన రేటింగు చుక్కలు చూసి తయారు చేసిన జాబితా కంటే ఇది ఎంతో నమ్మదగినది. ఎందుకంటే మంచి పొడికి డబ్బు ఎవరు పెడుతున్నారో పొడి అమ్మేవాడికే తెలుసు.

3. వేళ చూసుకుని వెళ్లండి

ఒకే కొట్టులో పొద్దున ఏడింటికి తాగిన కాఫీ, మధ్యాహ్నం రెండింటికి తాగిన కాఫీ రెండు వేరు వేరు పానీయాలు. డికాషనే కారణం. వేడినీళ్లు పోసిన ఫిల్టర్ నుంచి డికాషన్ చుక్క చుక్కగా దిగడానికి ఇరవై నిమిషాలకు తక్కువ పట్టదు. దిగిన గంటలోపు దాని వాసన వేరు. మూడు గంటలు దాటాక పరిమళం ఎగిరిపోయి చేదు మిగులుతుంది. దాన్ని మళ్లీ పొయ్యి మీద పెట్టారంటే ఇక చెప్పేదేముంది. ‘ఆ హోటల్లో కాఫీ బాగుండదు’ అని తీర్మానించే ముందు మీరు ఏ వేళకు వెళ్లారో గుర్తు చేసుకోండి.

కాబట్టి ఊరి దినచర్యను బట్టి తిరగాలి. తెల్లవారుజామున రైల్వే స్టేషన్, ఆర్టీసీ బస్టాండు పరిసరాల్లో జనం ఎక్కువ. అక్కడ డికాషన్ నిలవ ఉండే అవకాశమే లేదు. అయితే రుచి కంటే వేగానికి విలువ ఇచ్చే చోట్లవి, ఇన్‌స్టంట్ పొడి వాడే బండ్లు కూడా అక్కడే ఎక్కువ. ఆరున్నర నుంచి తొమ్మిది దాకా టిఫిన్ హోటళ్ల వేళ. సుభాష్ రోడ్డు, సప్తగిరి సర్కిల్ చుట్టుపక్కల, కమలానగర్‌లో, పాతూరులో ఉన్నవాటిని ఈ సమయంలోనే పరీక్షించండి. పదిన్నర, పదకొండు మధ్య కోర్టు, కలెక్టరేట్ వైపు వెళ్లండి. వకీళ్లు, గుమస్తాలు ఏ కొట్టు ముందు గుమికూడారో చూడండి. ఏళ్ల తరబడి రోజూ ఒకే ప్రాంతంలో కాఫీ తాగేవాళ్లు వాళ్లు, పక్క కొట్టు మెరుగైతే ఎప్పుడో మారిపోయేవాళ్లు.

మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా వెళ్లకండి. ఎండాకాలంలో అయితే అసలే వద్దు. ఆ వేళ డికాషన్ పొద్దుటిది, పాలు పొద్దుటివి, కలిపే మనిషి కూడా పొద్దుటి నుంచి నిలబడి ఉన్నవాడే. మూడున్నర తర్వాత కొత్త ఫిల్టర్ వేస్తారు. నాలుగింటికి వెళితే రోజులో రెండో మంచి కాఫీ దొరుకుతుంది. వెళ్లిన చోట మొహమాటం లేకుండా అడగండి: ‘డికాషన్ ఇప్పుడు దిగిందేనా?’ మంచి కొట్టులో కాఫీ కలిపే మాస్టర్ ఈ ప్రశ్నకు కోపం తెచ్చుకోడు. ‘ఐదు నిమిషాలు కూర్చోండి సార్, కొత్తది దిగుతోంది’ అన్నాడంటే ఆ కొట్టు పేరు కింద గీత పెట్టుకోండి.

4. టోకెన్ తీసుకునే ముందు రెండు నిమిషాలు నిలబడి చూడండి

గల్లాకు కొంచెం దూరంగా నిలబడి కాఫీ కలిపే చోటును చూడండి. ఎవరూ ఏమీ అనుకోరు, టిఫిన్ హోటల్లో ఎదురుచూసేవాళ్లు అలాగే నిలబడతారు.

ఫిల్టర్ కనిపించాలి. పెద్ద స్టీలుదో ఇత్తడిదో అయినా సరే, గుడ్డ సంచీలో వడగట్టే పద్ధతి అయినా సరే. రెండూ కాకుండా మీట నొక్కితే పాలూ పొడీ చక్కెరా కలిసిపోయి ధారగా పడే యంత్రం ఉంటే, ఆ కాఫీ తయారైంది ఎక్కడో ఫ్యాక్టరీలో. అది తాగడం తప్పు కాదు, మనం వెతికేది మాత్రం అది కాదు.

గ్లాసులో ముందు ఏం పోస్తున్నాడో గమనించండి. డికాషన్ పోసి, పైన పాలు పోస్తే సరే. డికాషన్ కొంచెం, వేడినీళ్లు కొంచెం, పాలు కొంచెం పోస్తున్నాడంటే ఫిల్టర్ చిన్నది, గిరాకీ పెద్దది అన్నమాట. చక్కెర విడిగా వేస్తున్నాడా, డికాషన్‌లోనే ముందుగా కలిపి పెట్టాడా? ముందే కలిపిన చోట ‘చక్కెర తక్కువ’ అని మీరెంత మొత్తుకున్నా లాభం ఉండదు.

పాల గిన్నె సంగతి ఇంకా ముఖ్యం. పాలు విడతలు విడతలుగా కాచుకునే చోట కాఫీకి కమ్మదనం వస్తుంది. ఒకే గిన్నె పొద్దుటి నుంచి సన్న సెగ మీద మరుగుతూ ఉంటే పాలకు అడుగంటిన వాసన పడుతుంది, ఏ పొడీ దాన్ని కప్పలేదు. ప్యాకెట్ పాలు వాడితే ప్యాకెట్ మీద చూడండి: ఫుల్ క్రీమ్‌లో వెన్న 6 శాతం, టోన్డ్‌లో 3 శాతం ఉంటుంది. టోన్డ్ పాలతో చిక్కటి కాఫీ రావాలంటే డికాషన్ చాలా గట్టిగా ఉండాలి, అది ఖర్చు. ఖర్చు తగ్గించుకోవాలని చూసే చోట రెండూ పలచబడతాయి.

నీళ్ల గురించి ఎవరూ అడగరు గానీ మన జిల్లాలో అడిగి తీరాలి. ఇక్కడి బోరు నీళ్లలో గట్టిదనం ఎక్కువ. అలాంటి నీళ్లు కాఫీలోని చిరుపులుపును అణచివేస్తాయి, మంచి అరబికా పోసినా కాఫీ మొద్దుగా, చప్పగా వస్తుంది. ఫిల్టర్ చిల్లుల చుట్టూ తెల్లటి పొర కట్టి ఉంటే అది బోరు నీళ్ల గుర్తే. అలాగని యంత్రంలో లవణాలన్నీ తీసేసిన నీళ్లతో గొప్ప కాఫీ వస్తుందని కాదు, వాటితో రుచి తేలిపోతుంది. మున్సిపాలిటీ నీళ్లు కాచి వాడే హోటళ్లలో కాఫీ బాగుండటం వెనక ఇదొక కారణం కావచ్చని నా అనుమానం.

శుభ్రత గురించి పెద్దగా చెప్పనక్కరలేదు. గ్లాసులు పారే నీటిలో కడుగుతున్నారా, ఒకే బకెట్‌లో ముంచి తీస్తున్నారా చూడండి. గోడ మీద ఆహార భద్రతా సంస్థ ఇచ్చిన 14 అంకెల నంబరు కనిపించాలి. బజ్జీలు పాత పత్రికల కాగితంలో చుట్టి ఇస్తుంటే ప్లేటు అడగండి, అచ్చు సిరా తిండికి అంటుకుంటుంది.

5. మొదటి గుటక

మొదటిసారి వెళ్లినప్పుడు ‘చక్కెర లేకుండా, చక్కెర పక్కన ఇవ్వండి’ అని చెప్పండి. చక్కెర కింద చాలా లోపాలు దాక్కుంటాయి. చక్కెర లేకుండా రెండు గుటకలు తాగి, తర్వాత మీకు కావలసినంత కలుపుకోండి.

డబరాలో ఒకసారి తిరగబోసి, ముందు వాసన చూడండి. మంచి కాఫీలో వేయించిన గింజ వాసన ముందు రావాలి, పాల వాసన తర్వాత. మొదటి గుటకలో చేదు నాలుక వెనక తగిలి కాసేపట్లో పోవాలి. పోకుండా గొంతులో గీరినట్టు ఉంటే గింజలు మాడాయి, లేదా డికాషన్ మరిగింది. చిక్కగా ఉన్నా చప్పగా ఉంటే చికోరి పని. రంగు బాగుండి వాసన లేకపోతే పొడి నిలవది. వేయించి మర పట్టిన పొడి గాలి తగిలితే కొద్ది రోజుల్లోనే వాసన వదిలేస్తుంది.

చివరి రెండు గుటకలు కావాలనే ఆరనివ్వండి. పొగలు కక్కే వేడిలో ఏ కాఫీ అయినా బాగానే అనిపిస్తుంది, నాలుకకు రుచి తెలిసే లోపే లోపలికి పోతుంది. గోరువెచ్చగా అయ్యాక కూడా తాగాలనిపిస్తే అది మంచి కాఫీ. ఈ ఒక్క పరీక్షలోనే నా జాబితాలో చాలా పేర్లు ఎగిరిపోయాయి.

ఒకే పొద్దున రెండు మూడు చోట్ల తాగాలనుకుంటే తోడుగా ఒకరిని తీసుకెళ్లి ‘బై టూ’ చెప్పండి. ఈ ఊళ్లో బై టూ అడిగితే ఎవరూ చిన్నచూపు చూడరు. ఒంటరిగా మూడు గ్లాసులు తాగి మూడో కొట్టును నిందిస్తే అది న్యాయం కాదు, అప్పటికి నాలుక మొద్దుబారిపోయి ఉంటుంది.

6. కొత్త కెఫేలను వేరే కొలతతో చూడండి

సాయినగర్, కమలానగర్ వైపు, కాలేజీల దారుల్లో వెలిసే కెఫేలలో ముందు తేల్చుకోవలసింది అవి సొంతవా, ఫ్రాంచైజీలా అన్నది. బోర్డు కిందో బిల్లు వెనకో ‘ఫ్రాంచైజీ కావాలంటే సంప్రదించండి’ అని ఫోను నంబరు ఉంటే మళ్లీ ఆలోచించనక్కరలేదు, పొడి దగ్గర నుంచి కప్పు దాకా అంతా పైనుంచి వచ్చినదే. సొంత కెఫే అయితే యజమాని సాధారణంగా అక్కడే ఉంటాడు, కుర్రవాడై ఉంటాడు, అడిగితే సంతోషంగా చెబుతాడు.

మూడు అడగండి. గింజలు ఎక్కడివి? ఎప్పుడు వేయించినవి? ఎప్పుడు మర పడతారు? అడిగినప్పుడే గింజలు మర పట్టి కాఫీ తీస్తే మంచిది. గింజల సంచీ మీద వేయించిన తేదీ ఉండాలి. నెల దాటనివి అయితే భేషు. ‘గడువు తేదీ’ మాత్రమే ఉండి వేయించిన తేదీ లేకపోతే ఆ సంచీ మనకు ఏమీ చెప్పనట్టే. అరకు గింజలు వాడుతున్నామని కొందరు చెబుతారు. అరకు లోయ అరబికాకు 2019లో భౌగోళిక గుర్తింపు దక్కింది, గిరిజన రైతులు మిరియాల తీగలు పాకే నీడ చెట్ల కింద పండించే గింజ అది. పాలు తక్కువ పోసి తాగితే దాని సౌమ్యమైన రుచి తెలుస్తుంది. చాక్లెట్ సాసు, క్రీము, ఐస్‌క్రీము వేసి ఇస్తే అది అరకుదైనా మరొకటైనా ఒకటే.

అందుకే అక్కడ తొలిసారి తాగవలసింది వట్టి ఎస్ప్రెస్సో, లేదా చిన్న కపుచినో. యంత్రం దాదాపు తొమ్మిది రెట్ల వాతావరణ పీడనంతో వేడినీటిని పొడిలోంచి నెడుతుంది, అరనిమిషం లోపు పని అయిపోతుంది. మీట నొక్కగానే నీళ్లలా ధారకట్టి పది సెకన్లలో కప్పు నిండితే పొడి ముతకగా ఉందని అర్థం, కాఫీ పులిసిపోయినట్టు ఉంటుంది. చుక్కలు చుక్కలుగా నిమిషం దాకా పడితే మరీ మెత్తగా ఉంది, చేదు పుడుతుంది. పాలను ఆవిరితో వేడి చేసేటప్పుడు వినండి: మొదట చిన్న చప్పుడు, తర్వాత నిశ్శబ్దం అయితే నురగ సన్నగా వస్తుంది. చివరిదాకా కీచుమంటూ ఉంటే సబ్బు నురగ లాంటిది వస్తుంది.

మెనూ పొడవు కూడా ఒక ఆధారమే. కాఫీలు ఆరు, పిజ్జాలు, నూడుల్స్, మోమోలు కలిపి అరవై ఉంటే ఆ కెఫేకు కాఫీ ఒక సాకు. కూర్చోవడానికి చోటు, పిల్లల పుట్టినరోజుకు బెలూన్లు కావాలంటే వెళ్లండి, కాఫీ కోసం మాత్రం వద్దు.

బిల్లులో సర్వీస్ చార్జీ అంటూ ఏదైనా కలిపి ఉంటే తీసేయమని అడగవచ్చు. దాన్ని తప్పనిసరి చేయకూడదని వినియోగదారుల రక్షణ సంస్థ 2022లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. జీఎస్టీ వేరు, అది కట్టాల్సిందే.

7. ఫోనును చివర్లో తీయండి

మ్యాపులో వెతకడం వ్యర్థం అనను. అక్కడ చూడవలసినవి చుక్కలు కావు. మొదటి నెలలో బంధుమిత్రులు వేసిన ఐదు చుక్కలు అన్ని కొట్లకూ ఉంటాయి. అభిప్రాయాలను కొత్తవి ముందు వచ్చేలా అమర్చుకుని, మూడు చుక్కలు ఇచ్చినవాళ్లు రాసింది చదవండి. ఐదు ఇచ్చినవాళ్లు ప్రేమతో, ఒకటి ఇచ్చినవాళ్లు కోపంతో రాస్తారు. మూడు ఇచ్చినవాడు మాత్రం ‘టిఫిన్ బాగుంది, కాఫీ పలచన’ అని ఉన్నదున్నట్టు చెబుతాడు. జనం పెట్టిన ఫొటోల్లో కాఫీ గ్లాసు ఎన్నిసార్లు కనిపిస్తోందో చూడండి. ఇంగ్లీషులో ఒకసారి, తెలుగులో ఒకసారి వెతకండి, ఫలితాలు వేరుగా వస్తాయి. ఇక మ్యాపులో అసలు కనిపించని కొట్ల కోసం ఆటోవాళ్లను అడగండి. ‘ఇక్కడ కాఫీ ఎక్కడ బాగుంటుంది?’ అని కాకుండా ‘మీరు పొద్దున ఎక్కడ తాగుతారు?’ అని అడగాలి. మొదటి ప్రశ్నకు మీ బట్టలు చూసి ఏదో పెద్ద హోటల్ పేరు చెబుతారు.

8. రెండోసారి వెళ్లండి, మాస్టర్‌ను గుర్తుపట్టండి

ఒక్కసారి తాగి తీర్పు చెప్పవద్దు. కనీసం రెండు వేర్వేరు వేళల్లో, రెండు వేర్వేరు రోజుల్లో తాగండి. వాటిలో ఒకటి ఆదివారం కాకుండా చూసుకోండి, ఆదివారం పొద్దున రద్దీలో మంచి హోటల్ కూడా తడబడుతుంది. చిన్న పుస్తకంలోనో ఫోనులోనో నాలుగు మాటలు రాసుకుంటే చాలు: కొట్టు, వేళ, ఎవరు కలిపారు, ఆరాక ఎలా ఉంది. చుక్కలు, మార్కులు వద్దు.

‘ఎవరు కలిపారు’ అన్నది ఊరికే చెప్పలేదు. ఒకే పొడి, ఒకే పాలతో ఇద్దరు మాస్టర్లు రెండు రకాల కాఫీ కలుపుతారు. చేతి కొలతే అంతా. వరుసగా రెండు రోజులు ఒకే మనిషి చేతి కాఫీ తాగి, మూడో రోజు మరొకరి చేతిది తాగితే తేడా తెలిసిపోతుంది. కొన్నాళ్లకు ఆయన మిమ్మల్ని గుర్తుపట్టి, మీరు టోకెన్ పెట్టకముందే ‘స్ట్రాంగ్, చక్కెర తక్కువ’ అని తానే అంటాడు. ఆయన సెలవు పెట్టిన రోజు ఏ కొట్టుకు వెళ్లాలో కూడా ఆయన్నే అడగండి. పక్క కొట్టు మాస్టర్ చేతి కొలత ఎలాంటిదో ఆయనకు తెలిసినంతగా మరెవరికీ తెలియదు.

ఇంటికి పార్సిల్ తీసుకెళ్లాలనుకుంటే ప్లాస్టిక్ సంచీలో పోయించుకోకండి, వేడికి ఆ వాసన కాఫీకి పడుతుంది. రెండు స్టీలు ఫ్లాస్కులు తీసుకెళ్లి డికాషన్ ఒకదానిలో, పాలు ఒకదానిలో విడివిడిగా పోయమని చెప్పండి. చాలా టిఫిన్ హోటళ్లలో అడిగితే కాదనరు. ఫ్లాస్కులను ముందు వేడినీళ్లతో తొలిపి తీసుకెళ్లండి. ఇంటికి చేరాక డికాషన్‌ను మళ్లీ పొయ్యి మీద పెట్టకండి, పాలు మాత్రం పొంగు వచ్చేదాకా కాచి అందులో కలుపుకోండి.